సీసా అడుగున తెల్లపొడి

బావి వీధి,
జూలై 3

చిరంజీవి పెద్ద మనవరాలికి నానమ్మ దీవెనలు.

నువ్వు పంపిన రెండు సీసాలూ నింపి, ఐసు డబ్బాలో పెట్టి, మీ బాబాయి డిపో నుంచి బయలుదేరే మొదటి బస్సులో పంపుతున్నాను. ఒకదాని మీద 'బావి' అనీ, రెండోదాని మీద 'తాగే కుండ' అనీ రాశాను. చేతిరాత అర్థం కాకపోతే తప్పు నీ కళ్ళది.

ఇదంతా ఫోనులో చెప్పవచ్చు కదా అంటావు. ఫోనులో అన్న మాటకు సాక్ష్యం ఉండదు. పైగా నువ్వు ఊఁ ఊఁ అంటూ ఇంకో పని చేసుకుంటావు.

మన చిన్నది పిచ్చుకకు మళ్ళీ విరేచనాలు. వానలు మొదలైనప్పటి నుంచీ ఇదే వరస. తగ్గుతుంది, రెండు ముద్దలు తింటుంది, మళ్ళీ మొదలవుతుంది. డాక్టరు మందు మారుస్తున్నాడు, జబ్బు మాత్రం మారడం లేదు. మూడేళ్ళ పిల్లను ఒళ్ళోకి తీసుకుంటే ఖాళీ సంచి ఎత్తినట్టుంది.

మన ఇంట్లో తాగే నీళ్ళు కాచి వడకట్టినవి. కాచేది నేను. కనుక నీళ్ళ పేరు ఎత్తే పని లేదు. ఇక మిగిలింది చేతులు. మీ పిన్ని చేతులు. పిల్ల గుడ్డలు జాడించి, ఆ చేతులు తువ్వాలుకు తుడుచుకుని అన్నం కలిపేస్తుంది. సబ్బేదీ అంటే "అయ్యో, ఇప్పుడే కడుక్కున్నా అత్తయ్యా" అంటుంది. నేను చూడనప్పుడే కడుక్కుంటుంది కాబోలు! రిటైరయ్యే దాకా సైన్సు పాఠాలు చెప్పినదాన్ని. చేతి నుంచి నోటికి ఏం ప్రయాణం చేస్తుందో నాకు ఒకరు చెప్పాలా? ఈమధ్య నా వంట నేను వేరే చేసుకుంటున్నాను. నిన్న మన మూడిళ్ళ బావి దగ్గర కంపౌండరు భార్య "పిల్లకు ఏమిటండీ అలా ఉంది" అంటే ఉన్న మాట చెప్పాను. దర్జీ కూడా అక్కడే ఉన్నాడు, విన్నాడు.

మీ పిన్నిది ఒకటే పాట. "బావి నీళ్ళేమో అత్తయ్యా, ఒకసారి చూపిద్దాం." సరే, చూపిద్దాం. నీ ఉద్యోగమే అది కదా. నీ రిపోర్టుతో ఆ సాకు కూడా తీరిపోతుంది.

టీ తాగి భోజనం అయిందనుకోకు.

నానమ్మ

*

నీటి పరీక్షల ఆఫీసు,
జూలై 8

నానమ్మకు నమస్కారం.

చేతిరాత బ్రహ్మాండంగా అర్థమైంది. మా పక్క బల్ల అతను చదివి, "మీ నానమ్మ హెడ్మిస్ట్రెస్సా?" అన్నాడు. కాదు, హెడ్మిస్ట్రెస్సే భయపడే టీచరు అన్నాను.

ఎలా చేశామో నువ్వు అడుగుతావని ముందే రాస్తున్నాను. నీళ్ళను సన్నటి వడపోత కాగితం గుండా లాగాం. జీవులుంటే కాగితం మీద చిక్కుకుంటాయి. ఆ కాగితాన్ని వాటికి మేత పోసిన పళ్ళెంలో పెట్టి, జ్వరం ఒళ్ళు కన్నా వేడిగా ఉండే పెట్టెలో ఒక రోజు ఉంచాం. పేగుల్లో బతికేవి ఆ వేడికి ఓర్చుకుంటాయి, మట్టిలో బతికేవి ఓర్చుకోలేవు. నీళ్ళలో మలం కలిసి ఉంటే మర్నాటికి నీలం చుక్కలు లేస్తాయి. హాని లేని మామూలు జీవుల కోసం ఇంకో పళ్ళెం విడిగా పెడతాం.

కుండ నీళ్ళు, సున్నా. బావి నీళ్ళు, సున్నా. మామూలు పళ్ళేల్లో కూడా ఏమీ లేవలేదు. రిపోర్టు మీద సంతకం చేసి జత చేశాను.

నానమ్మా, ఒక్క మాట. పిన్నిని మరీ నిలబెట్టి అడగకు. పిల్ల నలతపడితే తల్లి ముందే సగమై ఉంటుంది.

నీ మనవరాలు

*

బావి వీధి,
జూలై 13

చిరంజీవి మనవరాలికి,

రిపోర్టు అందింది. దాన్ని మీ పిన్ని ముందు పెట్టి చదవమన్నాను. కాగితం ముట్టుకోలేదు. నేనే చదివాను. మీ బాబాయి పళ్ళెంలోకి తలవంచుకుని కూర్చున్నాడు, మెతుకుల మధ్య సినిమా ఏదో ఆడుతున్నట్టు. "ఇక నీళ్ళ మీదికి నెట్టకమ్మా" అన్నాను. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అనలేదనే అనుకుంటున్నాను.

మర్నాడు పొద్దున్న ఒక సంచి సర్దుకుని, పిల్లను చంకనేసుకుని బయలుదేరింది. గుమ్మంలో ఆగి, "మీ ఇల్లు శుభ్రంగా ఉంటుందిలెండి అత్తయ్యా, నా చేతులు కూడా తీసుకెళ్ళిపోతున్నా" అంది. నేను కుర్చీలోంచి లేవలేదు. లేచి మాత్రం ఏమనాలి?

పుట్టింటికి వెళ్ళిందట. మీ బాబాయి చెప్పాడు. ఎప్పుడొస్తుందిరా అంటే "వస్తుందిలే అమ్మా" అంటాడు. బస్సు ఇంజను విప్పి బిగించే మనిషి. పెళ్ళాం సంగతి వచ్చేసరికి ఒక్క మర కూడా తిప్పలేడు.

ఇల్లు శుభ్రంగానే ఉంది. పొద్దున్న తుడిచిన గది సాయంత్రానికీ తుడిచినట్టే ఉంటోంది. గోడ మీద బొగ్గుతో గీసేవాళ్ళు లేరు, నా కళ్ళజోడు దాచేవాళ్ళు లేరు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎందుకు లేచానో తెలియడం లేదు. వాకిట్లోకి వెళ్ళి, గేటు గడియ వేసే ఉందని చూసి, మళ్ళీ లోపలికి వస్తున్నాను.

పిల్లకు ఎలా ఉందో ఎవరూ చెప్పరు. అక్కడ నీళ్ళు ఎవరు కాస్తున్నారో!

నానమ్మ

*

నీటి పరీక్షల ఆఫీసు,
జూలై 20

నానమ్మకు,

నాకు ఆ ఖాళీ పళ్ళేలు కళ్ళలోంచి పోవడం లేదు. పని చేసుకుంటూ మధ్యలో లేచి వెళ్ళి పాత రిపోర్టులు తిరగేస్తున్నాను. దాని మీద సంతకం నాది మరి.

కుండ నీళ్ళలో ఏమీ లేకపోవడం సరే, అవి కాచినవి. బావి మాటేమిటి? మూత లేని బావి, వానాకాలం. ఆకులు రాలతాయి, పిట్టలు వాలతాయి. మనకు కీడు చేయని మట్టి జీవులైనా ఉండి తీరాలి. నీ సీసాలో అవి కూడా లేవు. మా పెద్దసారుకు చూపిస్తే, "ఇది బావి కాదమ్మా, ఆపరేషన్ థియేటరు" అన్నాడు. అప్పటి నుంచీ నాకు కాలు నిలవడం లేదు.

కోప్పడకుండా చెప్పు. సీసా ఎలా నింపావు? మూత తీసిన దగ్గర నుంచీ రాయి.

ఇంకొకటి. తాగేవి కాచినవి, ఒప్పుకున్నాను. స్నానానికి ఏ నీళ్ళు? పిచ్చుక ఒళ్ళు తోముతుంటే మగ్గు నోటికెత్తుకుని గటగటా తాగేస్తుంది. లాక్కుంటే వీధంతా వినపడేలా ఏడుస్తుంది.

నీ మనవరాలు

*

బావి వీధి,
జూలై 24

చిరంజీవి మనవరాలికి,

ఎలా నింపానా! నీ చేత అక్షరాలు దిద్దించిన చేత్తోనే నింపాను.

మూత తీసి వెలుతురులో పెట్టి చూస్తే రెండు సీసాల అడుగునా చిటికెడు తెల్లపొడి. ఆఫీసు వాళ్ళ పని ఇంతే, సబ్బు కూడా వదలగొట్టకుండా పంపారు అనుకున్నాను. అలాంటి సీసాలో నీళ్ళు నింపి పంపితే మన పరువేం కాను? బ్లీచింగు పొడి చిక్కగా కలిపి, సీసాల బ్రష్షు పెట్టి లోపలంతా రుద్దాను. ఆ తర్వాత బావి నీళ్ళతో తొలపలేదు. అంత శుభ్రం చేశాక మళ్ళీ ఏదో ఒకటి అంటించడం ఎందుకు? బస్సు వేళ అయిపోతోందని, సీసాలు తడిగా ఉండగానే నింపి మూత బిగించాను. ఇందులో తప్పు ఎక్కడుందో చూపించు.

స్నానానికి బావి నీళ్ళే. మోటారు వేస్తే తొట్టిలోకి ఎక్కుతాయి, తొట్టి నుంచి కుళాయికి. పిల్లకు గోరువెచ్చగా చేసి పోస్తాం. ఒంటి మీద పోసుకునే నీళ్ళు కాచి వడకట్టే ఇల్లు ఎక్కడైనా ఉందా?

ఇప్పుడు నేను అడుగుతాను. నువ్వు ఈ ఇంటికి వచ్చి ఏడాది దాటింది. అప్పుడు పిల్లకు మగ్గు ఎత్తే శక్తి లేదు. ఇక్కడ దానికి స్నానం చేయించేది మీ పిన్ని, నేను ఎన్నడూ చూడలేదు. మరి మగ్గు ఎత్తి తాగడం నువ్వెప్పుడు చూశావు? "లాక్కుంటే ఏడుస్తుంది" అన్నావు. లాక్కున్నది ఎవరు?

వంకర జవాబులు నా దగ్గర చెల్లవని నీకు తెలుసు.

నానమ్మ

*

ఆఫీసు వెనక మేడ గది,
జూలై 28

నానమ్మా,

దొరికిపోయాను. పిన్నీ పిచ్చుకా నా గదిలోనే ఉన్నారు. ఇల్లు వదిలిన రోజే వచ్చారు. బస్సెక్కించింది బాబాయి. "పుట్టింటికి పోతే అమ్మ ఏడుస్తుంది, నీ దగ్గరైతే ఎవరూ ఏడవరు" అంది పిన్ని. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు కిటికీ దగ్గర కూర్చుని నేను రాసేది చూస్తోంది. "రాసెయ్. దొంగతనం చేతకానిదానివి, ఇంకేం దాస్తావు" అంటోంది.

పిల్లకు తగ్గింది నానమ్మా. వచ్చిన వారానికే తేరుకుంది. ఆకలేస్తే నా పెన్సిళ్ళు కూడా కొరుకుతోంది. అన్నం కలిపేది అవే చేతులు. అదే గిన్నె, అదే చెంచా. స్నానంలో మగ్గెత్తి తాగడం కూడా మానలేదు, నేను లాక్కునే లోపే సగం తాగేస్తుంది. మారింది నీళ్ళొక్కటే. ప్రయోగమంటే ఒకటి మార్చి తక్కినవన్నీ కదపకుండా ఉంచాలని పాఠం చెప్పేదానివి కదా. పిన్ని ఆ ప్రయోగం చేసేసింది, తను చేస్తున్నానని తెలియకుండానే.

ఇక ఆ తెల్లపొడి. అది సబ్బు కాదు. నీళ్ళలో బ్లీచింగు ఉంటే దాన్ని విరిచేయడానికి మేమే వేసి పంపుతాం. లేకపోతే దారి పొడుగునా అది జీవుల్ని చంపుతూ వస్తుంది, మా దగ్గరికి చేరేసరికి ఉత్త నీళ్ళు మిగులుతాయి. నువ్వు విరుగుడును కడిగేసి, విషం నింపి పంపావు. నేను పరీక్ష చేసింది నీ బావిని కాదు నానమ్మా, నీ శుభ్రాన్ని. దానికి సున్నా అని సంతకం పెట్టాను.

బావి నీళ్ళతో తొలపలేదని రాశావు చూడు, ఆ ముక్క పిన్నికి చదివాను. "అంటే అత్తయ్యకూ ఆ బావి మీద నమ్మకం లేదన్నమాట" అని నవ్వింది. ఇక్కడికి వచ్చాక నవ్వడం అదే మొదలు.

తప్పు నాది కూడా. సీసాలతో పాటు ఎలా నింపాలో చెప్పే కాగితం అందరికీ పంపుతాం. సైన్సు టీచరుకు కాగితమేమిటని నీకు పెట్టలేదు.

మళ్ళీ రెండు సీసాలు, ఈసారి ఆ కాగితం కూడా పంపుతున్నాను. దండం పెడతాను, కడగకు.

నీ మనవరాలు

*

బావి వీధి,
జూలై 31

మనవరాలికి,

సీసాలు ఈ బస్సులో వస్తున్నాయి. పొడి ఉన్నది ఉన్నట్టే ఉంది. కాగితంలో రాసినట్టే చేశాను, మూత లోపలి అంచుకు వేలు తగలనివ్వలేదు.

ఇంతమంది కలిసి నన్ను ఏమార్చారు. మీ బాబాయిని నిలదీస్తే, "పుట్టిల్లు అని ఊరికే అన్నానమ్మా, నువ్వు మళ్ళీ గట్టిగా అడగలేదు" అన్నాడు. వాడికి ఇంత తెలివి ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఉన్న కాస్తా అబద్ధానికే ఖర్చు పెట్టాడు.

పిల్లకు తగ్గిందన్న వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను. మిగతా ఉత్తరం సంగతి తర్వాత చూద్దాం.

నానమ్మ

*

నీటి పరీక్షల ఆఫీసు,
ఆగస్టు 4

నానమ్మకు,

కుండ నీళ్ళు సున్నా. నువ్వు కాచినవి నిజంగానే కాచినవి.

బావి పళ్ళెం తీస్తే సిరా ఒలికినట్టుంది. చుక్కకూ చుక్కకూ మధ్య సందు లేదు. 'లెక్కకు అందవు' అని రాశాం. తాగే నీళ్ళలో ఒక్కటి కూడా ఉండకూడదు. స్నానం నీళ్ళలో ఏవో కొన్ని ఉంటే ఊరుకుంటారు, ఇన్ని ఉంటే ఊరుకోరు. పెద్దవాళ్ళు నీళ్ళు ఒంటి మీద పోసుకుంటారు కాబట్టి మీకేమీ కాలేదు. పిచ్చుక తాగింది.

బావి వాడకం ఈ రోజే ఆపండి. దర్జీ వాళ్ళకూ కంపౌండరు వాళ్ళకూ కూడా చెప్పు.

మలం ఎక్కడి నుంచి కలుస్తోందో తెలియాలి. దీనితో ఒక ఎర్రపొడి పొట్లాలు పంపుతున్నాను. నీళ్ళు తగిలితే పచ్చగా మెరుస్తుంది, హాని లేదు. ఒక ఇంటి మరుగుదొడ్డిలో పోసి వారం రోజులు బావిలో రంగు వస్తుందేమో చూడాలి. రాకపోతే ఇంకో ఇల్లు. బావికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నదానితో మొదలుపెట్టు.

నీ మనవరాలు

*

బావి వీధి,
ఆగస్టు 29

చిరంజీవి మనవరాలికి,

'లెక్కకు అందవు' అని నా క్లాసులో ఎవరైనా జవాబు రాస్తే బెంచీ ఎక్కించేదాన్ని. ఇప్పుడు నమ్మక తప్పడం లేదు.

మూడు ఇళ్ళూ ట్యాంకరు నీళ్ళ మీద బతుకుతున్నాం. దర్జీ వాళ్ళ చిన్నదానికీ వానలతోనే విరేచనాలు పట్టుకున్నాయట. పళ్ళు వస్తున్నాయేమో అనుకుని ఊరుకున్నారట.

దగ్గరగా ఉన్నదానితో మొదలుపెట్టమన్నావు. నేను కంపౌండరు ఇంటితో మొదలుపెట్టాను. వాళ్ళ పెరడు ఎప్పుడు చూసినా బురదే, ఇంకెవరై ఉంటారని నా నమ్మకం. రోజూ ఒక బకెట్టు తోడి చూశాం, రంగు రాలేదు. తర్వాత దర్జీ ఇల్లు. అదీ రాలేదు. ఇక మనది అక్కర్లేదనిపించింది. కానీ ఒక పొట్లం మిగిలింది, మిగిలిన పొట్లం పారేయడం నాకు చేతకాదు. మోకాళ్ళ నొప్పులకు నా గదిని ఆనించి నిరుడు కట్టించుకున్న మరుగుదొడ్డిలో పోశాను. దాని గుంట బావి వైపు ఉంది. కట్టేటప్పుడు నాకు నడక తగ్గుతుందా అనే చూశాను.

ఈ పొద్దున్న దర్జీ పెద్ద కూతురు గేటు దగ్గర కేక. "టీచరుగారూ! బకెట్టులో చిలకపచ్చ! రండి రండి!" వెళ్ళాను. తెల్ల బకెట్టు, పైన ఎండ. లోపల నీళ్ళు పచ్చగా మెరుస్తున్నాయి, చూడటానికి అందంగా కూడా ఉన్నాయి. కంపౌండరు భార్య కొంచెం దూరంగా నిలబడి, "ఈసారి పొడి ఎవరింట్లో పోశారండీ?" అంది.

"మా ఇంట్లో" అన్నాను.

"మరి ఆ రోజు కోడలి చేతులన్నారు?"

బకెట్టు అక్కడే వదిలేసి వచ్చేశాను. నా జీవితంలో ఒక ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఇంటికి రావడం ఇదే మొదటిసారి.

ఆ మరుగుదొడ్డికి తాళం వేశాను. గుంట పూడ్చి, వీధి కాలువకు గొట్టం కలిపే పని రేపటి నుంచి మొదలు. తర్వాత బావి మొత్తం తోడించి మందు వేయిస్తాను. నువ్వు చెప్పినన్నాళ్ళు ఆగి సీసా పంపుతాను. సున్నా వస్తే రిపోర్టు మీ పిన్నికి చూపించు. ఇక రావచ్చని చెప్పు.

నానమ్మ

*

ఆఫీసు వెనక మేడ గది,
సెప్టెంబరు 26

నానమ్మకు,

బావి నీళ్ళలో నీలం చుక్క ఒక్కటి కూడా లేదు. మామూలు జీవులు ఉండాల్సినన్ని ఉన్నాయి, కాబట్టి ఈ సున్నాను నమ్మవచ్చు.

రిపోర్టు పిన్నికి ఇచ్చాను. చివరి దాకా చదివింది. మడిచి నా బల్ల మీద పెట్టి, "ఇది నీళ్ళ గురించి" అంది.

నానమ్మ రమ్మంటోంది పిన్నీ అన్నాను. "రావచ్చు అంది. రమ్మనలేదు" అంది. ఆ తర్వాత పిల్ల తల దువ్వుతూ, "నీళ్ళు బాగాలేవని నేను ఇల్లు వదల్లేదే, బాగుపడ్డాయని వెళ్ళడానికి" అంది.

ఇంకా ఉంది, దాచను. దాచడం నాకు కలిసిరాలేదు. పిన్ని ఇక్కడ బేకరీలో పనికి కుదిరింది. మొదటి రోజు వచ్చి, "నా చేతుల మీద వాళ్ళకేమీ అనుమానం రాలేదు" అంది, నవ్వకుండా. పిచ్చుకను పక్క వీధిలో పిల్లల బడికి పంపుతోంది. బాబాయి ఇక్కడి డిపోకు బదిలీ పెట్టుకున్నాడు. నీకు చెప్పాడో లేదో. చెప్పి ఉండడు.

నీకూ ఆవిడకూ మధ్య అటూ ఇటూ తిరుగుతున్నాను, ఎక్కడా కూర్చోలేకపోతున్నాను. నీళ్ళ సంగతి ఎవరికైనా తేల్చి చెప్పగలను. ఇది నా వల్ల కాదు నానమ్మా.

నీ మనవరాలు

*

బావి వీధి,
అక్టోబరు 1

చిరంజీవి మనవరాలికి,

మీ పిన్ని అన్నది సబబు. నేను పంపింది నీళ్ళ సంగతే.

ఈ పొద్దున్న బావి దగ్గరికి వెళ్ళాను. ఆ మాట ఎక్కడ అన్నానో అక్కడే తిప్పుకోవాలి కదా. దర్జీ ఉన్నాడు, కంపౌండరు భార్య ఉంది, పాలు పోసే అతను కూడా ఉన్నాడు. "పిల్ల జబ్బు నా మరుగుదొడ్డి వల్ల వచ్చింది. నా కోడలి చేతులని మీతో అన్నాను. అది తప్పు" అన్నాను. దర్జీ మొహమాటస్థుడు, "పోనిద్దురూ టీచరుగారూ, ఇప్పుడవన్నీ ఎందుకు" అన్నాడు. "పోనివ్వను. నువ్వు ఆ రోజు విన్నావు, ఈ రోజు కూడా విను" అన్నాను. కంపౌండరు భార్య బిందె ఎత్తుకుని వెళ్ళబోతుంటే ఆపి మళ్ళీ చెప్పాను. ఆవిడకు మంచి మాట ఒకసారి చెబితే చెవికెక్కదు.

బదిలీ సంగతి మీ బాబాయి చెప్పలేదు. అడిగితే అవునన్నాడు. వద్దనలేదు నేను. వాడు నా మొహం చూసి, "కోపమా అమ్మా?" అన్నాడు. కోపమైతే బాగుండేది, కోపం నాకు అలవాటే.

ఈ ఉత్తరం మీ పిన్నికి చదివి వినిపించకు. వీధిలో చెప్పుకున్నది వీధికి. తనకు చెప్పాల్సింది నీ చేత చెప్పించడం మర్యాద కాదు. నేనే వస్తున్నాను, ఎనిమిదో తారీఖు పొద్దుటి బస్సుకు. ఇంటికి తీసుకెళ్ళడానికి కాదు. పిల్లను బడి మాన్పించడానికీ కాదు. అక్కడే స్థిరపడదామనుకుంటే అక్కడే ఉంటారు, అది వాళ్ళ ఇష్టం.

నేను వస్తున్నట్టు తనకు ముందుగా చెప్పు. చెప్పకుండా వచ్చి తలుపు తట్టడం తనిఖీ చేసినట్టుంటుంది. బేకరీకి సెలవు పెట్టనక్కర్లేదు, పని అయ్యేదాకా కింద మెట్ల మీద కూర్చుంటాను. చూడటం ఇష్టం లేదంటే అదీ చెప్పమను. వచ్చిన బస్సులోనే తిరిగి వెళ్తాను, నిన్నేమీ అనను.

రమ్మంటే మాత్రం భోజనం వేళకు మీ గదిలో ఉంటాను. నాకు విడిగా డబ్బా కట్టుకోవడం లేదు. మీ పిన్ని పెడితే తింటాను. పెట్టకపోతే, అమ్మా ఆకలేస్తోంది అని అడుగుతాను.

నానమ్మ